బండి కబుర్లు: ముందు స్టిక్కరు, ఆ తర్వాతే బండి

ప్రశ్న: అన్నా, మాది తెనాలి. ఫ్రీమాంట్‌లో ఉంటున్నాను, ఆఫీసు మౌంటెన్ వ్యూలో. వయసు 27. ఇంజినీరింగ్ చదివేటప్పుడు నాలుగేళ్లు పల్సర్ 220 నడిపాను. ఇక్కడికొచ్చి మూడేళ్లయింది, ఎమ్1 అనే మోటార్‌సైకిల్ లైసెన్స్ కూడా తీసుకున్నాను. చిన్నప్పటి నుంచి యమహా ఆర్6 అంటే పిచ్చి. నెవాడాలో, రీనోలో 2019 మోడల్ ఆర్6 ఒకటి కనిపించింది. 4,200 మైళ్లే తిరిగింది. 8,500 డాలర్లు చెబుతున్నాడు. ఇక్కడ నేను చూసినవేవీ పదివేలకు తగ్గలేదు. కాలిఫోర్నియాలో దానికి రిజిస్ట్రేషన్ అవదని ఒక ఫ్రెండ్ అంటాడు. ఏదో డబ్బా కొని బిగిస్తే సరిపోతుందని ఇంకొకడు అంటాడు. అడ్వాన్స్ పంపమని అమ్మేవాడు తొందరపెడుతున్నాడు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటావు?
– తెనాలి తమ్ముడు, ఫ్రీమాంట్

జవాబు: తమ్ముడూ, అడ్వాన్స్ పంపకు. నీ ఉత్తరం అందిన రోజే ఈ ఒక్క ముక్క నీకు మెయిల్‌లో రాశాను. మిగతాది నీలాంటి వాళ్లందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

నువ్వు చేయబోతున్న తప్పు నేను 2013లో చేసేశాను. నాదీ రీనో దారే. 3,100 మైళ్లు తిరిగిన 600 సీసీ బండి, కొత్తదానిలా మెరుస్తోంది. అమ్మేవాడు పేపర్లన్నీ సక్రమంగానే ఇచ్చాడు. డబ్బు కట్టి, ట్రక్కు అద్దెకు తీసుకుని, సియెర్రా కొండలు దిగి ఇంటికి తెచ్చుకున్నాను. సోమవారం డీఎంవీకి, అంటే బళ్లు రిజిస్టర్ చేసే ఆఫీసుకు తీసుకెళ్తే అక్కడి ఉద్యోగిని బయటికి వచ్చి, వంగి, ఫ్రేము మీద స్టిక్కరు చదివింది. తర్వాత మీటరు చూసింది. ఈ బండిని ఇక్కడ రిజిస్టర్ చేయడం కుదరదని నెమ్మదిగా చెప్పింది. నాలుగు నెలలు గరాజ్‌లో దుప్పటి కప్పి పెట్టాను. చివరికి ఆరెగాన్‌లో ఒకాయనకు 1,700 డాలర్ల నష్టానికి అమ్మాను. ఆ డబ్బు మా చెల్లెలి పెళ్లికి పంపుదామని దాచిన దాంట్లోది. అందుకే ఈ విషయంలో ఎవరు అడిగినా నేను గట్టిగానే చెబుతాను.

నియమం ఇది. కాలిఫోర్నియాలో ఉండేవాళ్లు వేరే రాష్ట్రంలో బండి కొంటే, కొన్న రోజున మీటరు మీద 7,500 మైళ్లకు తక్కువ ఉంటే, దాన్ని ఇక్కడ కొత్త బండిగానే లెక్కేస్తారు. అది పాత మోడలైనా సరే, మూడు చేతులు మారినా సరే. కొత్త బండికి కాలిఫోర్నియా సర్టిఫికేషన్ ఉండాలి. అది లేకపోతే రిజిస్ట్రేషన్ ఇవ్వరు. 7,500 దాటిన బండికి ఈ అడ్డు లేదు. 7,300 దగ్గర కొని రెండు వందల మైళ్లు తిప్పి తీసుకెళ్దామనే ఆలోచన కూడా వద్దు. లెక్కలోకి వచ్చేది కొన్ననాటి మీటరు.

మన దగ్గర పద్ధతి వేరు కాబట్టి మనవాళ్లకు ఇది తట్టదు. 2017 మార్చి నెలాఖరు గుర్తుందా? ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బళ్లు అమ్మకూడదని సుప్రీంకోర్టు చెప్పగానే డిస్కౌంట్ల కోసం షోరూముల ముందు జనం బారులు తీరారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చింది. మనకు తేదీ ముఖ్యం, దేశమంతా ఒకే గీత. ఇక్కడ తేదీతో పాటు రాష్ట్రం సరిహద్దు కూడా గీతే.

దీని వెనక కథ ఉంది. 1943 జులైలో లాస్ ఏంజెలెస్ మీద కళ్లు మండే పొగమంచు కమ్మేస్తే, శత్రువులు విషవాయువు వదిలారేమోనని జనం భయపడ్డారు. బళ్ల నుంచి, చమురు శుద్ధి కర్మాగారాల నుంచి వచ్చే ఆవిర్లు ఎండ తగిలి ఓజోన్‌గా మారడమే కారణమని 1950ల మొదట్లో కాల్‌టెక్ శాస్త్రవేత్త హాగెన్-స్మిట్ తేల్చాడు. 1967లో ఇక్కడి గాలి వనరుల బోర్డు పుట్టింది. దాన్నే అందరూ కార్బ్ అంటారు. దేశమంతటికీ ఒక చట్టం ఉన్నా, సొంత పరిమితులు పెట్టుకునే వీలు కాలిఫోర్నియాకు దక్కింది.

ఇప్పుడు ఆ డబ్బా సంగతి. 280 సీసీ, ఆపైన ఉండే బళ్లకు హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు కలిపి కిలోమీటరుకు 0.8 గ్రాములు దాటకూడదని కాలిఫోర్నియా 2008 మోడల్స్ నుంచి పెట్టింది. మిగతా దేశం 2010 మోడల్స్‌కల్లా అక్కడికే వచ్చింది. అంటే సైలెన్సర్ లోంచి వచ్చే పొగ విషయంలో పెద్ద తేడా మిగల్లేదు. తేడా ట్యాంకు దగ్గర ఉంది. బండి ఎండలో నిలబడి ఉన్నా పెట్రోలు ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరికి కూడా కాలిఫోర్నియా పరిమితి పెట్టింది. దాన్ని పట్టుకోవడానికే క్యానిస్టర్ అనే చిన్న డబ్బా. లోపల ఉత్తేజిత బొగ్గు ఉంటుంది. ఆవిరిని పీల్చుకుని దాచి, ఇంజిను నడిచేటప్పుడు దానికే తిరిగి ఇచ్చేస్తుంది.

మరి అది కొని బిగిస్తే? చాలదు. సర్టిఫికెట్ డబ్బాకు కాదు, ఫ్యాక్టరీలో తయారైన ఆ మోడల్‌కు ఇస్తారు. ఆ సర్టిఫికెట్ గురించి చెప్పేది స్టిక్కరు. ఫ్రేము మీదో సీటు కిందో, బండిని బట్టి ఉంటుంది. అమెరికా పర్యావరణ సంస్థ నిబంధనలతో పాటు కాలిఫోర్నియా నిబంధనలకు కూడా లోబడి ఉందని దాని మీద రాసి ఉంటే, రీనోలో కొన్నా ఫర్వాలేదు. చాలా కంపెనీలు ఇప్పుడు యాభై రాష్ట్రాలకూ ఒకే బండి చేస్తున్నాయి. ఆర్6ను మాత్రం యమహా కాలిఫోర్నియాకు విడిగా చేసింది. కాబట్టి రీనో ఆయన్ని నువ్వు అడగాల్సింది ఒక్కటే: ఆ స్టిక్కరు ఫొటో. అక్షరాలు చదవగలిగేలా ఉండాలి. పంపకపోతే బేరం అక్కడితో వదిలెయ్.

ఇక నువ్వు అడగనిది చెబుతాను, తప్పుగా అనుకోకు. స్టిక్కరు సరిగ్గా ఉన్నా నీకు ఆర్6 వద్దంటాను.

నాకు ఆ బండంటే గౌరవం. 599 సీసీ, నాలుగు సిలిండర్లు, పదివేల ఆర్‌పీఎమ్ దాటాక దాని గొంతు మారే తీరు విన్నవాళ్లెవరూ మర్చిపోరు. కానీ దాన్ని రోడ్డు నుంచి తప్పించింది కూడా ఆ గుణమే. అంత వేగంగా తిరిగే ఇంజినుకు లోపలికి పీల్చే వాల్వులు, బయటికి వదిలే వాల్వులు ఎక్కువసేపు కలిసి తెరిచి ఉండాలి. నెమ్మదిగా వెళ్లేటప్పుడు అదే దారిలో కాలని పెట్రోలు కొంత బయటికి జారిపోతుంది. నిబంధనలు బిగిసేకొద్దీ దాన్ని సరిచేయడానికి ఖర్చు పెరిగింది, కొనేవాళ్లేమో తగ్గారు. 2020తో రోడ్డు మీద నడిచే ఆర్6 ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చింది ట్రాక్ కోసమే. హోండా సీబీఆర్600ఆర్‌ఆర్ కూడా యూరో-4 అనే అక్కడి పొగ నిబంధనల దెబ్బకు యూరప్ నుంచి వెళ్లిపోయి, మార్పులతో 2024లో గానీ తిరిగి రాలేదు.

నీ రోజువారీ దారి చూడు. డంబార్టన్ వంతెన మీదుగా వెళ్లి రావడం. ఉదయం ఎనిమిదికి అక్కడ కార్లు నిలబడిపోతాయి. కార్ల మధ్య సందులోంచి వెళ్లడాన్ని ఈ రాష్ట్రం 2017 నుంచి చట్టంలోనే గుర్తించింది. కానీ ఆ వేగంలో ఆర్6 ఇంజిను నిద్ర కూడా లేవదు. మొదటి గేరులోనే 65 మైళ్లు దాటిపోయే బండి అది. ట్రాఫిక్‌లో క్లచ్ పట్టి పట్టి ఎడమ చెయ్యి గుంజుతుంది, కుడి తొడకు సెగ తగులుతుంది, బరువంతా మణికట్ల మీద పడుతుంది.

నేను 2015 నుంచి యమహా ఎఫ్‌జెడ్-07 నడుపుతున్నాను. 41,000 మైళ్లు దాటింది. ఆర్7లో ఉన్నదీ అదే 689 సీసీ ఇంజిను. రెండు సిలిండర్లు, కింది నుంచే లాగుతుంది. నైల్స్ కాన్యన్‌లో మూడో గేరులో పెట్టి వదిలేస్తే మలుపు మలుపుకూ గేరు వెతుక్కోనక్కర్లేదు. ఆర్6 రూపం మీద ప్రేమ ఉన్నవాడికి ఆర్7 నచ్చుతుంది. హ్యాండిల్ మాత్రం కిందికే ఉంటుంది, గంట దాటితే చేతులు చెబుతాయి. సుజుకి జీఎస్‌ఎక్స్-8ఆర్ 776 సీసీ, కాస్త బరువు, కూర్చునే తీరు సుఖం. నీ వంతెన దారికి నా ఓటు దీనికే. ట్రయంఫ్ డేటోనా 660 మూడు సిలిండర్ల బండి, రెండు లోకాలకూ మధ్యలో ఉంటుంది. ఏప్రిలియా ఆర్‌ఎస్660 ఇవన్నింటికంటే చురుకు, దాదాపు వంద గుర్రాల శక్తి. కానీ సర్వీస్ సెంటర్ ఇంటికి ఎంత దూరమో చూసుకున్నాకే ఆశపడు. యమహా ఆర్9 మొదటి బండిగా వద్దు.

వీటిలో ఏదైనా కాలిఫోర్నియాలోనే, ఒక చెయ్యి మారినది చూడు. పింక్ స్లిప్ (బండి ఎవరిదో చెప్పే పత్రం, దాన్నే టైటిల్ అంటారు) మీద పేరూ అమ్మేవాడి లైసెన్స్ మీద పేరూ ఒకటే ఉండాలి. బండి నంబరు ఇచ్చి ఇన్సూరెన్స్ ధర ముందే అడుగు. ఆర్6కూ ఆర్7కూ రెండింటికీ అడుగు. నీ వయసులో 600 సీసీ సూపర్‌స్పోర్ట్‌కు వాళ్లు చెప్పే లెక్క విన్నాక నా మాట నీకే అర్థమవుతుంది. ఇంకొకటి, రీనోలో కొన్నా ఇక్కడ రిజిస్ట్రేషన్ వేళ పన్ను కట్టాల్సిందే. మీ ఊళ్లో అది పది శాతం పైమాటే. నువ్వు మిగులుతుందనుకున్న పదిహేను వందల్లో సగానికి పైగా అక్కడే పోతుంది.

ఇదంతా విన్నాక కూడా మనసు ఆర్6 మీదే ఉంటే, కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన ఆర్6నే వెతుకు. స్టిక్కరుతో పాటు క్యానిస్టర్, దాని గొట్టాలు కూడా ఉన్నాయో లేదో వంగి చూడు. మోటార్‌సైకిళ్లకు ఇక్కడ స్మాగ్ చెక్ (పొగ పరీక్ష) లేదు కదా అని చాలామంది పీకి పారేస్తారు. అలా పీకేసిన బండిని రోడ్డు మీద నడపడం నేరం. నీ బండయ్యాక ఆ తప్పు నీదే అవుతుంది.

ప్రశ్న: నమస్కారమండీ. మేం డాలస్‌లో ఉంటున్నాం. వచ్చే నెల మావారికి శాన్ హోసేకి ట్రాన్స్‌ఫర్. ఆయన నింజా 650 ఏడాదిగా టెక్సస్‌లో ఆయన పేరు మీదే రిజిస్టరై ఉంది. 2,900 మైళ్లే అయింది. 7,500 నియమం వల్ల అమ్మేయాలంటున్నారు. ఆయన రెండు రోజులుగా సరిగా భోజనం చేయడం లేదు.
– ఒక ఇల్లాలు, డాలస్

జవాబు: అమ్మా, ఆయన్ని భోజనానికి పిలవండి. బండి అమ్మక్కర్లేదు. మీరు టెక్సస్‌లో కాపురం ఉండగా కొని, అక్కడే ఆయన పేరు మీద రిజిస్టర్ చేయించారు కాబట్టి, ఇల్లు మారేటప్పుడు వెంట తెచ్చుకోవచ్చు. దానికి మినహాయింపు ఉంది. టెక్సస్ టైటిల్, రిజిస్ట్రేషన్ కాగితం సామాన్ల లారీలో వేయకుండా మీ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోండి. ఇక్కడ స్థిరపడ్డాక 20 రోజుల్లోపు డీఎంవీకి వెళ్లాలి. ఒక్క జాగ్రత్త: ఆయన ముందు వచ్చి ఉద్యోగంలో చేరాక, డాలస్‌లో తక్కువకు వస్తోందని ఇంకో కొత్త బండి కొనొద్దు. దానికి ఈ మినహాయింపు వర్తించదు.

ప్రశ్న: సార్, నాది కాలిఫోర్నియా బండే, 650 సీసీ. ఫుల్ ట్యాంక్ కొట్టించిన రోజున వేడి మీద ఆపితే మళ్లీ స్టార్ట్ కావడానికి మొండికేస్తోంది. పెట్రోలు వాసన కూడా వస్తోంది. క్యానిస్టర్ పీకేస్తే పోతుందని మెకానిక్ అంటున్నాడు.
– శాన్ రమోన్ పాఠకుడు

జవాబు: పీకొద్దు. పెట్రోలు ఎంతవరకు పోయిస్తున్నారో చెప్పలేదు, కానీ మీరు రాసిన లక్షణాలను బట్టి మూతి దాకా నింపుతున్నారనిపిస్తోంది. అలా నింపితే ఆవిరి వెళ్లాల్సిన గొట్టంలోకి పెట్రోలే దిగుతుంది. బొగ్గు తడిసిపోతుంది. అప్పుడు ఇంజినుకు అవసరానికి మించి పెట్రోలు అందుతుంది. ట్యాంకు మూతి లోపల కిందికి దిగిన గొట్టంలాంటి అంచు కనిపిస్తుంది కదా, దాని కింది అంచు వరకే పోయండి. రెండు మూడు ట్యాంకులు అలా నడిపి చూడండి. వాసన పోకపోతే క్యానిస్టర్‌ను, దాని వాల్వును విప్పి చూపించండి. పాడైతే అదే మోడల్‌ది కొత్తది వేయించండి. ఈలోగా వాసన ఉన్నన్ని రోజులు బండిని ఇంట్లో గరాజ్‌లో పెట్టకండి. చాలా ఇళ్లలో వాటర్ హీటర్ మంట వెలిగేది అక్కడే.