ఇంజిన్ అరుపు, పికప్ లోటు, పడిపోయిన మైలేజీ: హైబ్రిడ్ కార్లపై మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా హైబ్రిడ్ కార్ల మీదే వచ్చాయి. ప్లగ్ పెట్టి చార్జ్ చేయాల్సిన పని లేకుండా, కొంతదూరం మోటారుతోనే నడవగల పెట్రోలు హైబ్రిడ్‌లను దృష్టిలో పెట్టుకుని జవాబులిస్తున్నాం. వీటిలో వాడే ప్రతి యూనిట్ కరెంటూ చివరికి ట్యాంకులోని పెట్రోలు నుంచి రావాల్సిందే. ఇదొక్కటి గుర్తుంచుకుంటే కింది జవాబులు తేలిగ్గా అర్థమవుతాయి.

ప్రశ్న: యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ ఒక్కసారిగా అరుస్తోంది గానీ బండి ఆ శబ్దానికి తగ్గట్టు ముందుకు దూకడం లేదు. క్లచ్ ప్లేట్లు అరిగిపోయిన పాత కారులా ఉంది. గేర్‌బాక్సులో లోపం ఉందా?

జవాబు: అరిగిపోవడానికి అందులో క్లచ్ ప్లేట్లు లేవు, జారడానికి బెల్టూ లేదు. 1997లో వచ్చిన టయోటా ప్రియస్ నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది. ఒకే ప్లానెటరీ గేరు సెట్టుకు (మధ్య గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగే అమరిక) ఒకవైపు ఇంజిన్, మరోవైపు జనరేటర్‌గా పనిచేసే చిన్న మోటారు ఉంటాయి. మూడోవైపు పెద్ద మోటారు, దానితోపాటు చక్రాలు. చిన్న మోటారు తన వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఇంజిన్ ఎంత వేగంతో తిరగాలో నిర్ణయిస్తుంది. మామూలు కారులోలాగా ఇంజిన్ వేగానికీ చక్రాల వేగానికీ గట్టి ముడి ఉండదు. మీరు పెడల్ అదిమి ఎక్కువ పవర్ అడగ్గానే కంప్యూటర్ ఇంజిన్‌ను ఆ పవర్ దొరికే ఆర్‌పీఎమ్‌కు (నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్యకు) ఎగదోసి అక్కడే నిలబెడుతుంది. బండి వేగం తర్వాత నెమ్మదిగా అందుకుంటుంది. చెవికి ముందు వినబడేది, వెన్నుకు తర్వాత తెలిసేది ఇదే.

ఇంకో కారణం ఇంజిన్‌లోనే ఉంది. ఈ ఇంజిన్లు అట్కిన్సన్ పద్ధతిలో పనిచేస్తాయి. ఇన్‌టేక్ వాల్వును ఆలస్యంగా మూసి, లోపలికి పీల్చిన గాలిలో కొంత వెనక్కి వదిలేస్తాయి. పెట్రోలు ఆదా అవుతుంది గానీ, అదే సైజున్న మామూలు ఇంజిన్‌తో పోలిస్తే టార్క్, అంటే తిప్పే బలం, తక్కువ. ఆ లోటును మోటారు పూడుస్తుంది. బ్యాటరీ బాగున్నంతకాలం లోటు మీకు తెలియదు.

శబ్దాన్ని బట్టి పికప్‌ను అంచనా వేయకండి. ఖాళీగా, సమంగా ఉన్న రోడ్డు మీద, బ్యాటరీ సూచిక సగం దగ్గర ఉన్నప్పుడు, ఇంజిన్ బాగా వేడెక్కాక 20 నుంచి 60 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో పక్కన కూర్చున్నవారిచేత లెక్క పెట్టించండి. రెండు దిశల్లోనూ చేసి సగటు రాసి పెట్టుకోండి. కొన్ని నెలల తర్వాత అదే చోట, అదే బరువుతో మళ్లీ చూడండి. ఒకటి రెండు సెకన్లు పెరిగితే అప్పుడు నిజంగా పవర్ తగ్గినట్టు.

ప్రశ్న: బ్రోచర్‌లో ఇంజిన్ పవర్ ఒకటి, మోటారు పవర్ ఇంకొకటి ఇచ్చారు. రెండూ కలిపితే వాళ్లు చెప్పే మొత్తం పవర్ కంటే ఎక్కువ వస్తోంది. పైగా పొడవైన ఎత్తు ఎక్కేటప్పుడు మధ్యలో బండి నీరసపడుతోంది. ఎందుకు?

జవాబు: మూడో తరం ప్రియస్ అంకెలు చూడండి. ఇంజిన్ 73 కిలోవాట్లు, మోటారు 60 కిలోవాట్లు, కారు మొత్తం మాత్రం 100 కిలోవాట్లు. మోటారుకు 60 తీసుకునే సత్తా ఉన్నా, బ్యాటరీ ఇవ్వగలిగింది 27 కిలోవాట్లే కాబట్టి 73కు 27 కలిపి వంద. మోటారు తీసుకునే మిగతా కరెంటు ఇంజినే తిప్పుతున్న జనరేటర్ నుంచి వస్తుంది. దాన్ని రెండోసారి లెక్కేయకూడదు.

మీ రెండో ప్రశ్నకు జవాబూ ఆ 27లోనే ఉంది. ఆ బ్యాటరీ సుమారు 1.3 కిలోవాట్ అవర్లది (ఒక కిలోవాట్ అవర్ అంటే ఒక యూనిట్ కరెంటు). ఎక్కువ కాలం మన్నాలని కంప్యూటర్ దాన్ని దాదాపు 40 నుంచి 80 శాతం మధ్యే తిప్పుతుంది. అంటే చేతికి అందేది సుమారు అర కిలోవాట్ అవర్. పూర్తి బలంతో లాగితే అది నిమిషం పైచిలుకులో అయిపోతుంది. ఆ తర్వాత ఎత్తు మీద మీకు మిగిలేది ఇంజిన్ ఒక్కటే. అందులోనూ కొంత బ్యాటరీని నింపడానికి పోతుంది. ఎత్తు మొదట్లోనే పెడల్ నేలకు అదమకుండా ఒకే వేగంతో ఎక్కుతూ, ఓవర్‌టేక్ కోసం బ్యాటరీని దాచుకోండి. నీరసం ఎత్తుల మీదే కాకుండా సమమైన రోడ్డు మీద కూడా వస్తుంటే కింది జవాబు చదవండి.

ప్రశ్న: మొదట్లో లీటరుకు 23 వచ్చేది, ఆరు నెలలుగా 18 దాటడం లేదు. పికప్ కూడా కాస్త తగ్గింది. బ్యాటరీ పోయిందని, మార్చాలని మెకానిక్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: అంత ఖర్చుకు సిద్ధపడే ముందు కొన్ని చూడాలి. బ్యాటరీని చివర చూడండి.

ముందు ఆ 18 అనే అంకెను నమ్మవచ్చో లేదో తేల్చండి. డ్యాష్‌బోర్డు చూపేది తరచూ కాస్త ఎక్కువే ఉంటుంది. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, ఆటో కట్ పడగానే ఆపించండి, పైన ఇంకొంచెం పోయించవద్దు. మూడు ట్యాంకుల కిలోమీటర్లను మూడు ట్యాంకుల లీటర్లతో భాగించండి. ఈమధ్య టైర్లు మార్చి ఉంటే అదీ లెక్కలోకి వస్తుంది. అరిగిన టైరు చుట్టుకొలత తక్కువ, ఎక్కువసార్లు తిరిగి మీటర్‌లో ఎక్కువ కిలోమీటర్లు చూపుతుంది. కొత్త టైరు వేశాక అదే దూరం ఒకటి రెండు శాతం తక్కువగా కనబడుతుంది. కారుతో వచ్చినవి తేలిగ్గా దొర్లే రకం టైర్లై, మీరు వేసినవి వేరే రకమైతే తేడా ఇంకా పెరుగుతుంది. గాలి చల్లటి టైర్లలో, డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్‌లో ఉన్న అంకె ప్రకారం పెట్టించండి.

తర్వాత బ్రేకులు. హైబ్రిడ్‌లో చాలామంది పట్టించుకోనిది ఇదే. వేగం తగ్గించే పని చాలావరకు మోటారే జనరేటర్‌గా మారి చేసేస్తుంది కాబట్టి ప్యాడ్లకు పని తక్కువ. పని లేకపోవడం వల్లే, ప్యాడ్లను డిస్కుకు అదిమే క్యాలిపర్ జరగడానికి ఉన్న స్లైడ్ పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుంటాయి, ప్యాడ్ డిస్కును కొద్దికొద్దిగా రాస్తూనే ఉంటుంది. డ్రైవర్‌కు ఏమీ తెలియదు, పెట్రోలు మాత్రం కరిగిపోతుంది. పదిహేను, ఇరవై కిలోమీటర్లు నడిపి, చివర బ్రేకు ఎక్కువ వాడకుండా బండిని దానంతట అదే నెమ్మదించనిచ్చి ఆపండి. నాలుగు చక్రాల రిమ్ములకూ అరచేయి అంగుళం దూరంలో పెట్టి చూడండి, డిస్కును ముట్టుకోవద్దు. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి మాత్రం సెగ కొడుతుంటే ఆ బ్రేకు పట్టేసింది. పిన్నులు తీసి శుభ్రం చేసి, బ్రేకుల కోసమే తయారైన సిలికాన్ గ్రీజు రాయించాలి. మామూలు గ్రీజు పిన్నుల మీది రబ్బరు తొడుగులను ఉబ్బిస్తుంది. ఒక జాగ్రత్త: డ్రైవర్ డోరు తెరవగానే బ్రేకు పంపు మేల్కొనే మోడళ్లు ఉన్నాయి. సర్వీసు మాన్యువల్లో చెప్పినట్టు ఆ పంపును ఆపకుండా క్యాలిపర్ విప్పితే పిస్టన్ బయటికి తోసుకొస్తుంది, వేళ్లు నలుగుతాయి.

ఆయిల్ కూడా చూడండి. 0డబ్ల్యూ-20 లేదా 0డబ్ల్యూ-16 అనే పలచటి ఆయిల్ పోయమన్న ఇంజిన్‌లో చిక్కటి ఆయిల్ పోసినా, డిప్‌స్టిక్ పై గీత దాటి నింపినా మైలేజీ తగ్గుతుంది.

పికప్, మైలేజీ రెండూ కలిసి తగ్గాయన్నారు కాబట్టి మాకు ఎక్కువ అనుమానం బ్యాటరీ ఫ్యాన్ మీద. చాలా కార్లలో వెనక సీటు పక్కనో కిందో ఒక జాలీ ఉంటుంది. క్యాబిన్‌లోని చల్లగాలిని ఫ్యాన్ అక్కడి నుంచి పీల్చి బ్యాటరీకి పంపుతుంది. జాలీ వెనక ఫిల్టర్ తీస్తే దుమ్ము, వెంట్రుకలు, దారపు పోగులు కలిసి దట్టమైన దుప్పటిలా పేరుకుని ఉండడం మామూలే. గాలి అందక బ్యాటరీ వేడెక్కితే కంప్యూటర్ చార్జింగ్‌నూ, కరెంటు వాడకాన్నీ కోసేస్తుంది. మోటారు సాయం తగ్గి పికప్ పడిపోతుంది, బ్రేకు వేసినప్పుడు దొరికే కరెంటు నిల్వ కాక మైలేజీ పడిపోతుంది. వేసవిలో వెనక సీటు దగ్గర ఫ్యాన్ హోరు వినబడితే ఇదే గుర్తు. ఫిల్టర్ శుభ్రం చేసి, పూర్తిగా ఆరాకే బిగించండి. ఆ జాలీకి ఆనించి సంచులు పెట్టకండి. ఫ్యాన్ రెక్కలకు మట్టి అంటుకుని ఉంటే దాన్ని విప్పడం హైబ్రిడ్ పని నేర్చినవారికే వదిలేయండి, నారింజ రంగు కేబుళ్లలో ప్రాణం తీసే వోల్టేజీ ఉంటుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా తేడా రాకపోతే అప్పుడు స్కానర్ పెట్టించండి. బ్యాటరీ సెల్ గుంపుల వోల్టేజీలను బండి నిలబడి ఉన్నప్పుడు కాక, గట్టిగా తొక్కినప్పుడు పక్కపక్కన చూపించమనండి. ప్రతిసారీ ఒకే గుంపు మిగతావాటికంటే బాగా కుంగుతుంటే మీ మెకానిక్ మాట నిజం. ఆ అంకెలు చూడకుండా బ్యాటరీ మార్చడానికి ఒప్పుకోకండి.

ప్రశ్న: రోజూ మూడు కిలోమీటర్ల దూరానికే కారు వాడతాను. మైలేజీ మరీ తక్కువ. లోపమా?

జవాబు: కాదు. చల్లటి ఇంజిన్ మొదలయ్యాక పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌నూ, కూలెంట్‌నూ వేడి చేసుకోవాలి. బ్యాటరీ నిండుగా ఉన్నా ఆ కాసేపు ఇంజిన్ ఆగదు. మీ ప్రయాణం అది వేడెక్కేలోపే ముగిసిపోతోంది. పనులన్నీ ఒకే విడతలో పెట్టుకుంటే మొదటి మూడు కిలోమీటర్ల తర్వాత అసలు హైబ్రిడ్ మైలేజీ కనబడుతుంది.

ప్రశ్న: హైవే మీద పట్టణంలో కంటే తక్కువ మైలేజీ వస్తోంది. పెట్రోలు కార్లకు ఇది తలకిందులు కదా?

జవాబు: హైవే మీద బ్రేకు వాడేది తక్కువ కాబట్టి తిరిగి రాబట్టుకోవడానికి ఏమీ ఉండదు. గాలి ఎదురుదెబ్బ మాత్రం వేగం వర్గంతో (వేగాన్ని వేగంతో గుణించిన లెక్కన) పెరుగుతుంది. 80 నుంచి 100కు పెంచితే ఆ నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 80, 85 దగ్గర ఒక ట్యాంకు నడిపి చూడండి. పైన ఖాళీగా ఉన్న లగేజీ క్యారియర్ ఉంటే తీసేయండి.

ప్రశ్న: పవర్ మోడ్‌లో పెడితే పికప్ నిజంగా పెరుగుతుందా?

జవాబు: గరిష్ఠ పవర్ పెరగదు. పెడల్ కొంచెం తొక్కినా ఎక్కువ స్పందించేలా మారుతుంది. ఎకో మోడ్ దానికి వ్యతిరేకం, ఏసీని కూడా కాస్త తగ్గిస్తుంది. రెండింటిలోనూ నేలదాకా తొక్కితే వచ్చేది ఒకే పవర్.

ప్రశ్న: సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెడితే పెట్రోలు మిగులుతుందా?

జవాబు: మిగలదు, నష్టమే. డీలో బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే ఇంజిన్ దానంతట అదే ఆగుతుంది. ప్లానెటరీ గేరు హైబ్రిడ్‌లో న్యూట్రల్‌లో ఉన్నంతసేపూ బ్యాటరీ చార్జ్ కాదు. ఏసీ మాత్రం దాన్ని తాగుతూనే ఉంటుంది. ఎక్కువసేపు ఆగాల్సి వస్తే పార్క్‌లో పెట్టండి.