వాల్ట్జ్‌లో కాంట్రా చెక్‌కి లీడ్ చేత్తోనా, ఒంటితోనా?

వాల్ట్జ్ అనే పాశ్చాత్య జంట డ్యాన్స్‌లో కాంట్రా చెక్‌కి, అంటే సాగుతున్న డ్యాన్స్ ఫొటోకి ఆగినట్టు నిలిచే భంగిమకి, లీడ్ (ఎటు కదలాలో జోడీకి ఇచ్చే సూచన) ఒంటితోనే ఇవ్వాలి. చేత్తో ఇస్తే అది తోపులాటే. లీడర్, అంటే నడిపించే అతను, ముందుగా బరువున్న కుడి మోకాలిని మెత్తగా మడిచి కిందికి దిగాలి. ఆ దిగడమే కబురు. ఇద్దరి ఒళ్ళూ ఆనుకుని ఉంటాయి గనుక ఫాలోవర్‌కి, అంటే అతన్ని అనుసరించే ఆమెకి, వెంటనే అందుతుంది. ఆ తర్వాతే ఒళ్ళు ఎడమకి తిప్పుతూ ఎడమ కాలు ముందుకి. ఆమె కుడి కాలు వెనక్కి.

కోఠి వెళ్ళే సిటీ బస్సులో డ్రైవర్ మెల్లగా బ్రేకు నొక్కితే నిలబడ్డవాళ్ళు సర్దుకుంటారు, సడన్‌గా తొక్కితే పక్కవాళ్ళ మీద పడతారు. ఇదీ అంతే.

ఈ భంగిమలో లీడరే ఆమె వెన్ను వెనక్కి వంచుతాడనుకుంటారు చాలామంది. సినిమా పోస్టర్ల పుణ్యం కావచ్చు! అతనిచ్చేది చోటు, దిశ మాత్రమే. వంపు ఆమెదే, తన బరువు తన కాళ్ళ మీదే మోస్తూ.