అద్దె చవకగా ఉందంటే గాలి కూడా చూడండి

అమెరికాకు కొత్తగా వచ్చిన మన పిల్లలు తరచుగా అడిగే సందేహం: "ఫ్రీవే పక్కనే అపార్ట్‌మెంట్ అండీ, అద్దె తక్కువ. తీసుకోమంటారా?" వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు "ఆ ఏరియా మంచిది కాదు" అనేస్తారు. ఎందుకని అడిగితే అక్కడ ఉండే మనుషుల గురించి గొణుగుతారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. చూడవలసింది మనుషులను కాదు, గాలిని.

1930లలో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ ఇంటి అప్పు ఎక్కడ ఇస్తే ఎంత ప్రమాదమో చూపడానికి నగరాల పటాలకు నాలుగు రంగులు వేసింది. ఎరుపంటే అన్నిటికంటే ప్రమాదం. నల్లవారు ఉండే పేటలకు దాదాపు ఎప్పుడూ ఎరుపే. ఎరుపు పడిన చోట ఇంటి అప్పు పుట్టడం కష్టం, భూమి విలువ పెరగదు. తర్వాత ఫ్రీవేలూ ఫ్యాక్టరీలూ చాలావరకు అటే వెళ్లాయి. 2022లో పరిశోధకులు 202 నగరాల పాత పటాలను ఇటీవలి గాలి లెక్కల మీద పరిచి చూస్తే, ఆ ఎర్ర పేటల్లో వాహనాల పొగలో ఉండే నైట్రోజన్ డయాక్సైడ్ ఇంకా ఎక్కువగానే ఉంది. ఒకే రంగు పేటల్లో కూడా తెల్లవారు పీల్చే గాలికీ మిగతావారు పీల్చే గాలికీ తేడా కనిపించింది. అంటే తప్పంతా ఆ పాత పటానిదే అనడానికీ లేదు.

కాలిఫోర్నియాలో ఉంటే కాల్‌ఎన్విరోస్క్రీన్ అనే రాష్ట్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ కాలుష్య పటంలో చిరునామా కొట్టండి. దాని స్కోరులో జాతిని లెక్కించరు, అయినా ఎక్కువ స్కోరు, అంటే ఎక్కువ కాలుష్య భారం, వచ్చిన చోట్ల లాటినోలు, నల్లవారే ఎక్కువ. దేశమంతటికీ పనికొచ్చే అలాంటి పటం ఈజేస్క్రీన్‌ను కేంద్ర ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో తీసేసింది, కాపీలను బయటివాళ్లు నిలబెట్టారు. ఫ్యాక్టరీలు ఏ విషం ఎంత వదులుతున్నాయో చెప్పే టాక్సిక్స్ రిలీజ్ ఇన్వెంటరీ కూడా ఉంది. 1984లో భోపాల్, మరుసటి ఏడాది వెస్ట్ వర్జీనియాలో నల్లవారి ఊరైన ఇన్‌స్టిట్యూట్‌లో అదే యూనియన్ కార్బైడ్ లీకు, ఆపైన ఈ ఇన్వెంటరీని తెచ్చిన 1986 చట్టం. ఆ చట్టం వెనుక మన వాళ్ల ప్రాణాలున్నాయి.

అయితే పటంలో కనిపించే అంకె కొన్ని వేలమందికి కలిపి తీసిన సగటు. ఓక్లాండ్‌లో గూగుల్ స్ట్రీట్ వ్యూ కార్లకు గాలిని కొలిచే యంత్రాలు బిగించి చూస్తే, ఒకే బ్లాక్ లోపల కాలుష్యం అయిదు నుంచి ఎనిమిది రెట్ల దాకా మారింది. కాబట్టి ఫ్రీవే వైపు కిటికీలున్న ఇల్లు చూపిస్తే, వెనక వరసలో ఖాళీ ఉందేమో అడగండి. లీజు మీద సంతకం అయిపోయిందా? ఏసీకి సన్నని ధూళిని కూడా పట్టే మెర్వ్ 13 రకం ఫిల్టర్ పడుతుందేమో ఓనర్‌ను అడిగి వేయించుకోండి.