సాల్మన్ మీద పరిశోధన చేసే ఫిషరీ బయాలజిస్ట్ పని నిజంగా ఎలా ఉంటుంది? మన బి.ఎఫ్.ఎస్సీ. వాళ్ళకు వీలవుతుందా?

ముత్తుకూరు ఫిషరీ కాలేజీలో బి.ఎఫ్.ఎస్సీ. ఆఖరి సంవత్సరం చదువుతున్నానని, అందరిలా రొయ్యల చెరువుల వైపు కాకుండా నదిలో తమంతట తాము పుట్టి పెరిగే చేపల మీద పని చేయాలనుందని మీరు రాశారు. నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ నదికి ఎదురీదే సాల్మన్‌ని డాక్యుమెంటరీలో చూసినప్పటి నుంచి అదే ధ్యాసట. నేనూ ఆ కాలేజీలోనే చదివాను. తర్వాత అమెరికాలో ఎం.ఎస్. చేసి, ఆరు వేసవులు అలాస్కాలో బ్రిస్టల్ బే అనే అఖాతం వైపు నదుల్లో పనిచేశాను. డాక్యుమెంటరీలో చూపించేదంతా నిజమే. కాకపోతే మా పనిలో అది గంటకు పది నిమిషాలు.

పది నిమిషాలని మాటవరసకు అనలేదు. బ్రిస్టల్ బేలో కలిసే చాలా నదుల్లో సాకై సాల్మన్‌ని ఇప్పటికీ మనుషులే లెక్కపెడతారు. నదికి రెండు ఒడ్డుల్లోనూ ఇనుప గొట్టాలతో కట్టిన మంచెలుంటాయి. మన పొలాల్లో పిట్టల్ని తోలడానికి వేసే మంచె కన్నా ఎత్తు, అంతే తేడా. దాని మీద నిలబడి, కింద నీళ్ళలో ఎదురీదుతున్న చేపల్ని పది నిమిషాల పాటు చేతిలోని కౌంటర్ మీద నొక్కుతూ లెక్కపెట్టాలి. ఆ సంఖ్యను ఆరుతో హెచ్చవేస్తే ఆ గంట లెక్క. తర్వాత పడవలో అవతలి ఒడ్డుకెళ్ళి అక్కడో పది నిమిషాలు. పగలూ రాత్రీ షిఫ్టుల మీద ఇదే పని. చేపలు వడి తక్కువుండే ఒడ్డు వెంబడే బారులు తీరి వెళ్తాయి కాబట్టి ఇలా లెక్కపెట్టడం కుదురుతుంది. నది నడిమధ్యన వెళ్ళేవైతే ఎవరి తరమూ అయ్యేది కాదు. నషగాక్ నదిలో మాత్రం సోనార్ వాడతారు, అంటే శబ్ద తరంగాలతో చేపల్ని లెక్కపెట్టే పరికరం.

నా మొదటి షిఫ్టు జూన్ చివర్లో, రాత్రి రెండు గంటలకు. అక్కడ ఆ రోజుల్లో పూర్తిగా చీకటి పడదు, మసక వెలుతురు. దోమలు చెవుల్లోకి దూరుతుంటే నీళ్ళవైపే చూస్తూ నిలబడ్డాను. ఒక్క చేపా రాలేదు. సున్నా. మళ్ళీ గంటకు సున్నా. మూడు రోజులు సున్నాలే రాశాను. నాలుగో రోజుకి నామీద నాకే అనుమానం వచ్చింది, చేపలు వెళ్తున్నా నాకు కనబడటం లేదేమోనని. ఒక నీడ కదిలితే అది చేపే అయ్యుంటుందని 1 వేసేశాను. మా సీనియర్ పుస్తకం చూసి, "ఇది చూశావా, చూడాలనుకున్నావా?" అనడిగింది. కొట్టేసి మళ్ళీ సున్నా పెట్టాను. ఆ సాయంత్రమే వచ్చాయి. నీళ్ళ కింద ఎవరో నల్లటి చాప లాగుతున్నట్టు ఒడ్డు పొడుగునా కదిలాయి. ఒక్కొక్కటిగా నొక్కడం కుదరక పదుల లెక్కన నొక్కాను. పది నిమిషాలకు రెండు వేల పైచిలుకు. బొటనవేలు వాచిపోయింది.

మీకు ఈ ఉద్యోగం మీద ఆశ ఉంటే ఆ సున్నాల దగ్గరే ఆలోచించుకోండి. ఎందుకంటే ఆ సంఖ్య మీదే అక్కడ అందరి బతుకూ నడుస్తుంది. సముద్రంలో వలల్ని తప్పించుకుని గుడ్లు పెట్టడానికి పైకి ఎన్ని వెళ్ళాయన్నదాన్ని అక్కడ ఎస్కేప్‌మెంట్ అంటారు. ప్రతి నదికీ ఇన్ని నుంచి ఇన్ని అని ఒక లక్ష్యం పెడతారు. లెక్క తగ్గితే వేట ఆపేస్తారు, పెరిగితే తెరుస్తారు. జూలై మొదటి వారంలో సీజన్ ఊపందుకున్నప్పుడు 32 అడుగులకు మించని వందల కొద్దీ పడవలు రేడియో ప్రకటన కోసం కాచుకుని ఉంటాయి. ఏడాది సంపాదనంతా కొద్ది వారాల్లోనే. మేం మంచె మీద నొక్కిన సంఖ్య ఆ ప్రకటన వెనకాల ఉంటుంది. ఆ టెన్షన్ తెలిశాక ఉజ్జాయింపుగా ఏదో ఒకటి రాయడానికి చెయ్యి రాదు.

ఎన్ని అన్నది తేలాక ఏ వయసువి అన్నది ఇంకో పని. చేప ఎడమ పక్కన, వీపు రెక్క వెనక నుంచి కిందికి ఒక చోటుంది. చేప ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఉండే పక్కగీతకు రెండు వరసల పైన ఉండే ఆ పొలుసునే తీయాలి. దాన్ని తడిపి, జిగురు కార్డు మీద గరుకు వైపు పైకి వచ్చేలా అంటించాలి. తర్వాత ల్యాబ్‌లో ప్లాస్టిక్ షీటు మీద అచ్చు తీసి, పెద్దగా చేసి చూస్తే చెట్టు కాండంలో ఉన్నట్టే వలయాలు కనిపిస్తాయి. చలికాలంలో పెరుగుదల మందగించి వలయాలు దగ్గరపడతాయి, వేసవిలో ఎడమవుతాయి. 1.3 అని రాశామంటే పుట్టాక మంచినీళ్ళలో ఒక చలికాలం, సముద్రంలో మూడు చలికాలాలు గడిపిందని. గుడ్డుగా గులకరాళ్ళ కింద గడిపిన చలికాలం కూడా కలిపితే ఐదేళ్ళు. ఒక చేప జాతకమంతా గోటి కన్నా చిన్న పొలుసు మీద!

ఈ పొలుసులతోనే నా పరువు పోయింది. రెండో ఏడాది ఒక నదిలో దాదాపు నాలుగు వందల చేపల పొలుసులు నేనే తీశాను. వాన, వేళ్ళు కొంకర్లు పోయేంత చలి, తొందర. అక్టోబర్‌లో అచ్చు తీస్తే సగం కార్డులు నున్నగా, ఖాళీగా వచ్చాయి. పొలుసులు తిరగేసి అంటించాను. ఆ చేపలన్నీ ఎప్పుడో చచ్చిపోయాయి, మళ్ళీ అడగడానికి లేదు. ఎవరూ పెద్దగా తిట్టలేదు. ఆ ఏడాది పట్టికలో ఆ నది పక్కన ఖాళీ గడి మాత్రం అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ ఆ ఫైలు తెరిస్తే ముందు కళ్ళు అక్కడికే పోతాయి.

ఆగస్టులో పని మారుతుంది. పెద్ద నదుల నుంచి వాగుల్లోకి వెళ్తాం. అలెక్నాగిక్ సరస్సు చుట్టూ ఉన్న వాగులు కొన్ని మన పంట బోదెలంత ఉంటాయి, చీలమండ తడిసేంత నీళ్ళు. సముద్రంలో వెండిలా మెరిసిన చేప ఇక్కడికొచ్చేసరికి ఒళ్ళంతా ఎర్రగా, తల పచ్చగా, మగదైతే వీపు మీద గూనితో, దవడ కొక్కెంలా వంగి గుర్తుపట్టలేనట్టు ఉంటుంది. మంచినీళ్ళలోకి వచ్చాక మేత ముట్టదు. ఒంట్లో ఉన్నదంతా కరిగించుకుని ఈదుతుంది, గుడ్లు పెడుతుంది, చచ్చిపోతుంది. పసిఫిక్ సాల్మన్లో సాకై, చినూక్, కోహో, పింక్, చమ్ అన్నింటిదీ ఇదే తీరు. అట్లాంటిక్ సాల్మన్ అయితే కొన్ని బతికి మళ్ళీ సముద్రానికి పోతాయి.

మేం వాగు పొడుగునా నడుస్తూ బతికున్నవి, చచ్చినవి, ఎలుగుబంటి తిన్నవి వేరువేరుగా లెక్కపెడతాం. చచ్చినదాని తల కోసి, లోపలున్న చెవిరాళ్ళు తీస్తాం. బియ్యపు గింజంత తెల్లటి రాయి, దానిలోనూ వలయాలుంటాయి. చేపలు దండిగా ఉన్న ఏడాది ఎలుగులకు ఎక్కడలేని గీర వస్తుంది. మెదడు, గుడ్లు మాత్రం తిని మిగతాది వదిలేస్తాయి. అంటే మాకు కావలసిన తలకాయే వాటికీ కావాలి. తల లేని చేపల్ని చూసి మేం తిట్టుకోని రోజు లేదు. ఎలుగుకి మనం వస్తున్నట్టు ముందే తెలియాలి కాబట్టి మలుపు మలుపుకీ గట్టిగా అరుస్తూ నడవాలి. తోటివాళ్ళు "హే బేర్" అనేవాళ్ళు. నేను "బాబూ, వస్తున్నాం తండ్రీ, పక్కకు జరుగు" అనేదాన్ని. ఆరేళ్ళలో ఏ ఎలుగూ అభ్యంతరం చెప్పలేదు.

లెక్కపెట్టిన చేపను ఒడ్డుకి విసిరేయాలి, లేకపోతే మర్నాడు మళ్ళీ లెక్కలోకి వస్తుంది. ఈ చిన్న జాగ్రత్తలోంచే ఒక గొప్ప పరిశోధన పుట్టింది. 1946 నుంచీ అక్కడ పనిచేస్తున్న యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ బృందం, హాన్సెన్ క్రీక్ అనే వాగులో 20 ఏళ్ళపాటు చచ్చిన చేపల్ని ఒకే పక్కకు, నీళ్ళు పారే వైపు తిరిగి నిలబడితే ఎడమ ఒడ్డుకు విసిరింది. 200 టన్నులకు పైగా చేప! తర్వాత ఒడ్డున ఉన్న స్ప్రూస్ చెట్ల కాండాల్లోంచి సన్నటి కడ్డీల్లాంటి నమూనాలు తీసి వలయాలు కొలిచారు. చేపలు పడిన ఒడ్డున చెట్ల పెరుగుదల ఊపందుకుంది. ఆ ఫలితం 2018లో వచ్చింది. సముద్రపు నత్రజని చేప ఒంట్లో ప్రయాణం చేసి చెట్టుకి ఎరువైంది. మా తాతగారు కొబ్బరి మొదట్లో కుళ్ళిన చేపలు పాతేవారు, ఆయనకు ఇది చెప్పుంటే "దీనికి ఇరవై ఏళ్ళు పట్టిందా?" అనేవారు.

అమ్మ మాత్రం నిజంగానే అంది. మొదటి వేసవిలో వారానికోసారి దగ్గర్లోని డిల్లింగ్‌హామ్ ఊరికి వచ్చినప్పుడే ఫోన్ దొరికేది. ఏం చేస్తున్నానో అంతా విని, "చచ్చిన చేపల్ని లెక్కపెట్టడానికా అమ్మడూ అంత దూరం వెళ్ళావు? మన సంతకొస్తే నేను చూపిద్దును కదా" అంది.

ఇక సెప్టెంబర్ నుంచి మే దాకా ఆఫీసు. చేపల వాసన బదులు ఎక్సెల్, ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్. పనిలో మూడొంతుల్లో రెండొంతులు ఇదే. దీని గురించి చెప్పుకునేంత ఏమీ లేదు, కానీ స్టాటిస్టిక్స్ అంటే భయపడేవాళ్ళు ఇక్కడే మానేస్తారు.

కష్టమంటే చలీ దోమలూ కాదు, మీటింగులు. 2022లో బ్రిస్టల్ బేకి సుమారు 7 కోట్ల 90 లక్షల సాకై వచ్చాయి, రికార్డు. అదే రాష్ట్రంలో, ఉత్తరాన యూకాన్ నదిలో చినూక్ ఎంత పడిపోయాయంటే 2024లో అలాస్కా, కెనడా కలిసి ఏడేళ్ళపాటు ఆ వేట ఆపాలని ఒప్పందం చేసుకున్నాయి. ఒక ఊళ్ళో మీటింగుకి వెళ్ళాను. మన కత్తిపీటను చేత్తో పట్టుకునేలా చేస్తే ఎలా ఉంటుందో అలాంటి అర్ధచంద్రాకారపు కత్తితో చిన్నప్పటి నుంచీ చేపలు చీరి, పొగబెట్టి ఎండేసిన పెద్దావిడ లేచింది. "మీరు ఇన్నేళ్ళుగా లెక్కపెడుతూనే ఉన్నారు. మా పొగగుడిసె ఖాళీగానే ఉంది" అంది. సముద్రం వేడెక్కడం, మేత తగ్గడం, రోగాలు, సముద్రంలో వేరే చేపల కోసం వేసిన వలల్లో పడిపోవడం, ఇలా నా దగ్గర స్లైడ్లున్నాయి. ఆవిడ అడిగింది స్లైడ్ల గురించి కాదు. నోట్‌బుక్ మూసేసి కూర్చున్నాను.

మీ రెండో ప్రశ్నకు వస్తే, వీలవుతుంది, కానీ తిన్నగా కాదు. ఫెడరల్ ఉద్యోగాలకు సాధారణంగా అమెరికా పౌరసత్వం అడుగుతారు. మనకు దారి యూనివర్సిటీల నుంచే. జీతమిచ్చి తీసుకునే ప్రొఫెసర్ దొరికితేనే ఎం.ఎస్.కి వెళ్ళండి, ఈ చదువుకి అప్పు చేసి వెళ్తే తీర్చేంత జీతాలు ఇందులో లేవు. ప్రొఫెసర్‌కి రాసేటప్పుడు సాల్మన్ అంటే ప్రాణమని రాయకండి, మీరు సొంతంగా కొలిచిన డేటా ఏదైనా, ఎంత చిన్నదైనా చూపించండి. వేసవి టెక్నీషియన్ పోస్టుల ప్రకటనలు చలికాలంలోనే పడతాయి. ఈత, పడవ నడపడం, డ్రైవింగ్ నేర్చుకోండి. నాకు ఈత రాదని తెలిసి మొదటి వారం నన్ను పడవెక్కించలేదు. గోదారి పక్కన పుట్టి ఈత రాదన్న సిగ్గు నాది.

ఇంకోటి. సాల్మనే కావాలా? ముసురు రోజుల్లో ఎర్రనీళ్ళకు ఎదురీది వచ్చే మన పులసదీ ఇదే కథ. సముద్రంలో విలస, గోదాట్లోకి వస్తే పులస. గుడ్లు పెట్టాక చావాలని లేదు, అదొక్కటే తేడా. పుస్తెలమ్మి తినాలన్న సామెత ఉంది కానీ, నేను పెరిగిన ఊళ్ళో ఈసారి ఎన్ని పైకి వెళ్ళాయని అడిగిన మనిషిని చూడలేదు. కిలో ఎంతని అడిగినవాళ్ళే అంతా. ముంబైలోని సీఐఎఫ్ఈ అనే కేంద్ర మత్స్య విద్యా సంస్థలో ఎం.ఎఫ్.ఎస్సీ.కి కూర్చుని, హిల్సా (అంటే మన పులసే) మీద పనిచేసే, బెంగాల్‌లోని బారక్‌పూర్ మత్స్య పరిశోధనా సంస్థ వాళ్ళతో మాట్లాడి చూడండి. నేను ఇప్పుడు మొదలుపెడితే అటే వెళ్దునేమో.

ముందు ఒక చిన్న పని చేయండి. బజార్లో ఏదో ఒక రకం సముద్రపు చేపలు ఇరవై తెచ్చుకుని, చిన్న కత్తి, పట్టకారుతో వాటి చెవిరాళ్ళు విరక్కుండా తీసి, ఒక్కోదాన్ని ఒక్కో కవరులో వేసి, చేప పొడవు, తేదీ రాసి పెట్టండి. పొడవు కొలవాలంటే తల కోయకముందే కొలవాలన్న సంగతి మీకు మూడో చేప దగ్గర గుర్తొస్తుంది. ఇరవై పూర్తయ్యాక కూడా ఇంకో ఇరవై చేయాలనిపిస్తే ఇక్కడే కింద రాయండి, ప్రొఫెసర్లకు పంపే మెయిల్ కలిసి రాద్దాం.