పాత మాస్సీ ట్రాక్టర్‌కి ఛార్జింగ్ ఎక్కట్లేదా? డైనమో మార్చే ముందు ఇవి చూడండి

ప్రశ్న: సార్ నమస్తే. మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా తాత కొన్న మాస్సీ 1035 ఇంకా పొలంలో దిగుతంది, ఇంజను బంగారం, ఛార్జింగే ఎక్కట్లేదు. ఉబాల (నాట్ల) ముందు కొత్త బ్యాటరీ వేయించాం, అప్పట్నుంచే ఈ గోల. ఛార్జింగ్ చూపే అమ్మీటర్ ముల్లు ప్లస్ వైపు రాదు, లైట్లు వేస్తే మైనస్ వైపు పోతంది, రెండ్రోజులు పోతే సెల్ఫ్ ఎత్తదు. షాపాయన డైనమో (ఇంజను తిప్పితే బ్యాటరీ ఛార్జ్ చేసేది) పోయింది, దాని బదులు ఆల్టర్నేటర్ పెట్టించీయండి అంటన్నాడు. మా నాన్నేమో డీజిల్ బండికి బ్యాటరీతో పనేటి, తోసుకుంటే సరిపోద్ది అంటన్నాడు. ఏటి చెయ్యాల?

జవాబు: బాబూ, మీ నాన్నగారు చెప్పింది సగం నిజం. డీజిల్ ఇంజనుకి స్పార్క్ అక్కర్లేదు, ఒకసారి స్టార్టయితే బ్యాటరీ లేకపోయినా నడుస్తది, అందుకే మన వైపు ఛార్జింగ్ లేకుండానే ఏళ్ళ తరబడి తిరిగే బళ్ళున్నాయి. కానీ దమ్ము మధ్యలో ఆగిపోతే ఆ బురదలో ఎవరు తోస్తారు, చీకటి పడ్డాక లైట్లు లేకుండా తొట్టి తగిలించుకుని 16వ నంబరు హైవే ఎక్కితే ఎంత ప్రమాదం చెప్పండి. దీన్ని వదిలేయొద్దు.

కొత్త బ్యాటరీ వేశాకే మొదలైంది అన్నారు చూడండి, నేను అక్కడే ఆగాను. పాత బళ్ళు కొన్ని పాజిటివ్ ఎర్త్‌లో, అంటే బ్యాటరీ ప్లస్‌ని బాడీకి తగిలించి, వచ్చాయి, అది తెలీక ప్లస్ మైనస్ తిప్పి బిగించేస్తే సెల్ఫ్ మామూలుగానే తిరుగుద్ది, లైట్లూ వెలుగుతాయి, ఎవరికీ అనుమానం రాదు, డైనమో మాత్రం పాత పోలారిటీలోనే కరెంట్ తీసి కటౌట్ (డైనమోనీ బ్యాటరీనీ కలిపి, విడదీసే స్విచ్చు డబ్బా) పాయింట్లు కాల్చేస్తుంది. అయితే అలా తిరగబడితే లైట్లు వేసినప్పుడు ముల్లు ప్లస్ వైపు పోవాలి. మీది మైనస్‌కే పోతంది కాబట్టి, అమ్మీటర్ వైర్లు ఎవరూ కదపకపోతే, బ్యాటరీ సరిగానే ఉంది. అంటే ఆ పని జరిగేటప్పుడు చెయ్యి తగిలి వైరేదైనా వదులైందేమో ముందు చూడండి, ముఖ్యంగా బ్యాటరీ నుంచి బాడీకి వెళ్ళే ఎర్త్ పట్టీ, కటౌట్ డబ్బా మీద ఇ అని ఉన్న చోట బిగించే ఎర్త్ వైరు. ఆ ఇ వైరు ఊడితే కటౌట్ లాగనే లాగదు. కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రపు గాలికి రాగి వైర్ల కొసలు పచ్చగా పట్టేస్తాయి, పైకి బిగువుగానే కనిపిస్తాయి గానీ లోపల కరెంట్ పోదు, అలాంటివి విప్పి గీకి మళ్ళీ బిగించాలి.

డైనమోని తిప్పే బెల్టు బొటనవేలితో నొక్కితే అర అంగుళం పైన కొంచెం దిగితే చాలు, అంతకంటే వదులుంటే జారిపోతుంది.

ఇప్పుడు అసలు టెస్టు. ఇది చెయ్యకుండా డైనమో పోయిందని ఎవరు చెప్పినా నమ్మకండి. డైనమో వెనక రెండు టెర్మినల్స్ ఉంటాయి, పెద్దది డి, చిన్నది ఎఫ్. రెండు వైర్లూ గుర్తు పెట్టుకుని ఊడదీయండి, చిన్న వైరు ముక్కతో ఆ రెండు టెర్మినల్స్‌నీ కలిపేయండి. మల్టీమీటర్‌ని డీసీలో పెట్టి ఒక కొస ఆ కలిపిన చోట, రెండోది డైనమో బాడీకి పెట్టి, ఇంజను స్లోలో స్టార్ట్ చేసి రేస్ మెల్లగా పెంచండి. వోల్టేజ్ తడబడకుండా పైకి పోతే డైనమో మంచిది, తప్పు వైర్లలోనో కటౌట్‌లోనో ఉంది. 20 వోల్టులు దాటనివ్వకండి, ఎక్కువసేపు అలా ఉంచకండి. అసలేమీ రాకపోతే కార్బన్లు (కరెంట్ తీసే బొగ్గు ముక్కలు), అవి రాసుకునే రాగి కమ్యుటేటర్ చూడాలి. 1 వోల్టు దగ్గరే ఆగిపోతే ఫీల్డ్ కాయిల్ (కదలని వైరు చుట్ట) మీద, 4, 5 దగ్గర ఆగితే ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) మీద అనుమానం.

కార్బన్లు అరిగి 7 మిల్లీమీటర్లే మిగిలితే మార్చెయ్యండి, పెద్ద ఖర్చు కాదు. హోల్డర్‌లో బురద పట్టి ఇరుక్కుపోయినా ఇదే రోగం, దమ్ములో తిరిగే బండికి ఇది చాలా మామూలు. కమ్యుటేటర్ నల్లగా ఉంటే పెట్రోలు గుడ్డతో తుడిచి, సన్నటి శాండ్ పేపర్ పట్టండి, ఎమెరీ పేపర్ వద్దు, దాని పొడి రాగి మధ్యన ఇరుక్కుంటుంది. వెనక బుష్‌కి చిన్న కన్నం ఉంటుంది, అందులో ఇంజనాయిల్ రెండు చుక్కలు చాలు, ఎక్కువ పోస్తే కార్బన్ల మీదికి పోతుంది.

బండి నెలల తరబడి షెడ్డులో ఉండిపోతే డైనమోలో మిగిలే కాస్త అయస్కాంతం కూడా పోవచ్చు, అది లేకపోతే కరెంట్ మొదలవ్వదు. ఇంజను ఆపి, ఎఫ్ వైరు ఊడదీసి, బ్యాటరీ లైవ్ (బాడీకి తగిలించని టెర్మినల్) నుంచి ఒక వైరుతో డైనమో ఎఫ్ టెర్మినల్‌కి టక్కున తగిలించి తీసేయండి, రెండు మూడు సార్లు. చిన్న నిప్పురవ్వ వస్తుంది, భయం లేదు.

డైనమో పాసయితే కటౌట్ డబ్బా విప్పి పాయింట్లు శుభ్రం చేయించండి, కానీ ఇంజను ఆగి ఉన్నప్పుడు ఆ పాయింట్లు వేలితో నొక్కకండి, బ్యాటరీ కరెంటంతా డైనమోలోకి ఉరికి వైర్లు కాలతాయి. రాత్రి బండి ఆపిన గంటల తర్వాత కూడా డైనమో వెచ్చగా ఉందంటే పాయింట్లు అతుక్కుపోయినట్టే, వెంటనే బ్యాటరీ టెర్మినల్ తీసేయండి.

అంతా అయ్యాక రేస్ మీద బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. ఆల్టర్నేటర్ చెడ్డదని నేననను, రాత్రిళ్ళు ఎక్కువ లైట్లతో పని చేసేవాళ్ళకి అదే మంచిది, కానీ పాజిటివ్ ఎర్త్ బండికి అలాగే తగిలిస్తే కాలిపోతుంది. మీ తాతగారి డైనమో బాగుండగా దాన్ని పాత ఇనుముకి అమ్మేయడం నాకు ఇష్టం లేదు.

ప్రశ్న: మాది బొబ్బిలి. డైనమో బండే, స్లోలో ఉంటే డ్యాష్ మీద ఎర్ర లైట్ వెలుగుతంది, రేస్ ఇస్తే ఆరిపోతంది. ఫాల్టేనా?

జవాబు: కాదండి. స్లోలో డైనమోకి బ్యాటరీని మించేంత వోల్టేజ్ రాదు, కటౌట్ సుమారు 13 వోల్టుల దగ్గర గానీ కలవదు, కాబట్టి అది మామూలే. రేస్ మీద కూడా సన్నగా వెలుగుతూనే ఉంటే మాత్రం కటౌట్ పాయింట్లు, డి వైరు కొసలు చూపించండి.