సంతకం ఆలస్యమైతే జీతం పోతుంది

చి. సౌమ్యకు,

మామయ్య ఆశీస్సులు. మీ రెస్టారెంట్ మీద సర్వర్లంతా కలిసి కేసు వేశారని, నీకూ నోటీసు వచ్చిందని రాశావు. ‘వాళ్లు గెలిస్తే నాకూ వస్తుందిలే’ అని ఊరుకోకు. అమెరికా ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే) జీతాల చట్టం కింద వేసిన కేసైతే, నువ్వు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే నీ పేరు చేరుతుంది. వెనకటి బాకీ అడగడానికి గడువు రెండేళ్లు, యజమాని తెలిసే చేశాడని తేలితే మూడేళ్లు. నీ సంతకం కోర్టులో దాఖలైన రోజు నుంచి వెనక్కి లెక్కపెడతారు. నువ్వు ఆలోచిస్తూ కూర్చున్న ప్రతి వారం, అటు చివర ఒక వారం బాకీ పోయినట్టే.

ముందు పే స్లిప్పులు తీయి. టిప్పులొచ్చే వాళ్లకి గంటకి 2.13 డాలర్లు ఇస్తే చాలని 1991 నుంచీ ఉంది. కానీ టిప్పులతో కలిపి ఫెడరల్ కనీస వేతనం 7.25 అందకపోతే ఆ తేడా యజమానే వేసుకోవాలి. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో ఈ వెసులుబాటే లేదు, మీ రాష్ట్రం రూల్ కూడా చూసుకో. వారానికి 40 గంటలు దాటాక ఓటీ (ఓవర్‌టైం) చూడు. 7.25కి ఒకటిన్నర రెట్లు కట్టి, అందులోంచి 5.12 (7.25కీ 2.13కీ ఉన్న తేడా) తీసేయాలి. సుమారు 5.76 రావాలి. 2.13కే ఒకటిన్నర కట్టి 3.20 వేశారంటే అక్కడే దొరికిపోయినట్టు. మీ టిప్పుల్లో మేనేజర్ వాటా తీసుకోవడమైతే 2018 సవరణ తర్వాత సూటిగా తప్పే.

డ్యూటీ అయిపోయిందని క్లాక్ అవుట్ కొట్టించాక నాప్కిన్లలో ఫోర్కులు చుట్టించిన అరగంట కూడా పనే. వచ్చిన టైం, వెళ్లిన టైం, చేతికొచ్చిన టిప్పు, అందులో బస్సర్లకి (టేబుళ్లు తీసేవాళ్లకి) పోయింది, అన్నీ ఏ రోజుకారోజు ఫోన్‌లో రాసుకో. నెల తర్వాత గుర్తు తెచ్చుకుని రాసింది అంత నిలబడదు.

ఉద్యోగంలో చేరినప్పుడు పెట్టిన సంతకాల్లో ‘ఆర్బిట్రేషన్’ (గొడవని కోర్టులో కాకుండా మధ్యవర్తి దగ్గర తేల్చుకోవడం) అనే మాట ఉందేమో వెతుకు. ఉంటే కలిసి కేసు వేసే దారి మూసుకుపోవచ్చు. అలాంటి ఒప్పందాలు చెల్లుతాయని అమెరికా సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది.

గెలిస్తే మామూలుగా బాకీకి సమానంగా మరో అంత వస్తుంది, లాయర్ ఫీజు కూడా యజమాని మీదే పడుతుంది. ఓడితే ఖర్చులెవరివో మాత్రం లాయర్‌ని ముందే రాతలో అడుగు. నీ పేరు కోర్టు రికార్డుకెక్కుతుంది, అదీ తెలిసే సంతకం పెట్టు. కేసులో చేరావని షిఫ్టులు కోస్తే అది మరో నేరం, వెంటనే లాయర్‌కి చెప్పు. టెన్షన్ పడి మేనేజర్‌తో వాదనకి దిగకు.

నోటీసు మీద చివరి తేదీ ఏముందో ఈ రాత్రే చూసి నాకు మెసేజ్ పెట్టు.

మీ మామయ్య