నేల ఉసిరి తాగితే పురుగుమందు విరుగుతుందా?

మీ నాన్నగారు పత్తి చేలో పురుగుమందు కొడతారని, కాలేయం చెడిపోకుండా నేల ఉసిరి పొడి తాగించవచ్చా అని అడిగారు. పొడి వద్దు. ఆకుకూర వండి పెట్టండి.

నేను ఫార్మసీ కళాశాల ప్రయోగశాలలో చాలాకాలం పనిచేశాను. యూట్యూబ్ వైద్యులు ‘పరిశోధనల్లో తేలింది’ అంటారే, ఆ పరిశోధనలు చాలావరకు పుట్టేది ఇలాంటి చోటే. విద్యార్థి ఊరి నుంచి సంచెడు నేల ఉసిరి తెచ్చి, నీడన ఆరబెట్టి, ఆల్కహాల్‌లో నానబెట్టి సారం తీస్తాడు. దాన్ని కొన్నాళ్లు ఎలుకలకు తాగించాక, కాలేయాన్ని చెడగొట్టే కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే రసాయనాన్ని నూనెలో కలిపి సూదితో ఎక్కిస్తాం. సీసా మూత తీస్తే తియ్యటి వాసన. దాన్ని విడగొట్టి అసలు విషంగా మార్చేది కాలేయంలోని ఎంజైమే. మర్నాడు కోసి చూస్తే మామూలు ఎలుక కాలేయం ముదురు ఎరుపుతో నున్నగా మెరుస్తుంటుంది. విషం ఒక్కటే ఎక్కినదానిది పాలిపోయి పసుపు తిరిగి ఉంటుంది. ఆకు సారం తాగినదానిది మచ్చలు మచ్చలుగా ఆ రెంటికీ మధ్యన. మొదటిసారి చూసినప్పుడు నాకూ ఒళ్లు పులకరించింది.

కానీ మోతాదు చూడండి. కిలో బరువుకు 400 మిల్లీగ్రాముల సారం పోస్తాం. మనిషికి లెక్కకట్టేటప్పుడు దాన్ని ఆరోవంతుకు తగ్గిస్తారు. అయినా 60 కిలోల మనిషికి రోజుకు 4 గ్రాముల సారం కావాలి, ఆకు పొడి కాదు. డబ్బాలో కొన్న చెంచాడు పొడి ఏ మూలకు? పైగా చేలో ఏళ్ల తరబడి కొడుతూ వచ్చిన మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందులు ముందు దెబ్బకొట్టేది నరాలను. ఎలుకల కాలేయం కథ అక్కడికి అతకదు.

నేల ఉసిరికి ఇంత పేరు రావడానికి 1988లో మద్రాసు పరిశోధకులు, నోబెల్ గ్రహీత బ్లంబర్గ్ కలిసి, కాలేయానికి సోకే హెపటైటిస్-బి వైరస్ మీద ఇది పనిచేస్తుందని ప్రచురించిన ఫలితాలూ ఒక కారణం. తర్వాత వేరేచోట్ల చేసిన చాలామందికి అవి రాలేదు. ఆ మాట మాత్రం ఏ వీడియోలోనూ వినపడదు. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం విపరీతంగా తాగి కాలేయం దెబ్బతిన్నవాళ్ల గురించి 2021లో ముంబయి వైద్యులు రాస్తే, ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. నేను వైద్యుల పక్షమే.

కూరగా తింటే ఆ గొడవ లేదు. పొన్నగంటి, మునగాకు, గలిజేరు పప్పు, కాకరకాయ వేపుడు, ఏదైనా సరే. మా అమ్మ ఇప్పటికీ గలిజేరును కందిపప్పులో వేసి, చింతపండు పిసికి, వెల్లుల్లి పోపు పెడుతుంది. ఎనభై దాటినా, కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ ఆమెకు నాకన్నా తక్కువ. ఇంతకన్నా రుజువు నాకక్కర్లేదు. ఒక్కటే జాగ్రత్త, గలిజేరు మొలిచేది చేని గట్టు మీదే. ఆ గట్టుకే గడ్డిమందు కొడతారు. కాలేయానికి మంచిదని అక్కడిది కోసుకొచ్చి వండేవాళ్లను చూస్తే నాకు తల తిరుగుతుంది. పెరట్లో పెంచుకోండి.

ఇక మీరు అడగనిది. పురుగుమందు కొట్టి వచ్చాక తలనొప్పి అంటూ పారాసెటమాల్ మీద పారాసెటమాల్ వేసుకుంటారా? సాయంత్రం చుక్క వేసే అలవాటు కూడా ఉంటే ముందు అది చూడండి, ఆ రెండూ కాలేయానికి చేటే. పొడి డబ్బాకు పెట్టే డబ్బుతో రబ్బరు చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా కొనండి, గాలికి ఎదురుగా కొట్టవద్దని చెప్పండి. పురుగుమందు అమ్మే కొట్టులో తొడుగులు అడిగితే మా ఊళ్లో నవ్వారు. సీసాతోపాటు క్యాలెండర్ మాత్రం ఉచితంగా ఇచ్చారు.